తాటికాయ బండి, తాటాకు గాలిమర, జొన్నబెండు ఎడ్లు: పల్లె ఆటబొమ్మలు చేసే పద్ధతి

పల్లెలో చేసుకునే బొమ్మ సరిగ్గా రాలేదంటే చాలాసార్లు తప్పు సరుకు దగ్గరే ఉంటుంది. నడిమి వయసు కాయ కావాల్సిన చోట ముదురుది తెస్తారు, ఒకరోజు వాడిపోయిన ఆకు కావాల్సిన చోట అప్పుడే కోసింది వాడతారు, నీడన ఆరాల్సిన దాన్ని ఎండలో పెడతారు. కత్తి పట్టడం వారంలో వచ్చేస్తుంది. కాయ చూసి, ఆకు వంచి దాని వయసు చెప్పడమే అసలు పనితనం. అందుకే కింద ప్రతి బొమ్మకూ ముందు సరుకు సంగతి, ఆ తర్వాతే తయారీ.

కొలతలు జానల్లో, బెత్తెల్లో, వేళ్ళలో చెబుతున్నాం. ఎవరు ఆడుకుంటారో ఆ పిల్లల చేత్తోనే కొలవండి. ఆరేళ్ళ పిల్లకీ పన్నెండేళ్ళ పిల్లాడికీ ఒకే కర్ర సరిపోదు, వాళ్ళ జానతో కొలిస్తే బొమ్మ దానంతటదే వాళ్ళకు తగ్గట్టు వస్తుంది. బెత్తెడు అంటే బొటనవేలు వదిలేసి మిగతా నాలుగు వేళ్ళు కలిపిన వెడల్పు.

సామాను పెద్దగా ఏమీ అక్కర్లేదు. చిన్న కత్తి, గరుకు బండ, నూలు దారం, గుప్పెడు నల్లతుమ్మ ముళ్ళు. ముళ్ళు పచ్చికొమ్మ మీదవి తెంపకండి, అవి వంగిపోతాయి. ఎండిన కొమ్మ మీద తెల్లబడి గట్టిపడినవి ఏరుకోండి. కొడవలి పని ఉన్న చోటల్లా పెద్దవాళ్ళు చేయాల్సిందే, పిల్లలకు ఇవ్వొద్దు.

తాటికాయ బండి

ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారాల దాకా ముంజెల కాలం. బండికీ అదే కాలం. కాయలు పెంటితాడుకే వస్తాయి, పోతుతాడు కింద ఎంతసేపు నిలబడినా గెల దిగదు. కావాల్సింది రెండు కాయలు, రెండూ ఒకే గెలవి అయితే మంచిది. వేర్వేరు గెలల కాయలు సైజులో తేడా వస్తాయి, బండి చిన్న చక్రం వైపే లాగుతూ గుండ్రంగా తిరుగుతుంది.

కాయ వయసు చూడండి. ముంజెలో నీళ్ళే ఎక్కువగా ఉన్న మరీ లేతకాయలో చుట్టూ ఉన్న కండ మెత్తగా ఉంటుంది, పొద్దున గుచ్చిన ఇరుసు సాయంత్రానికి ఊగులాడుతుంది. బాగా ముదిరిన కాయలో టెంక గట్టిపడిపోతుంది, పుల్ల దిగదు, బలవంతం చేస్తే కాయ చీలుతుంది. ముంజె బొటనవేలికి ఊడి రావాలి, కానీ నోట్లో కాస్త నమలాల్సి రావాలి. తినడానికి ఇష్టపడని ఆ వయసు కాయే బండికి బాగుంటుంది.

1. కాయ తల కోయించండి. తొడిమ వైపు ఉన్న ముచ్చిక తీసేసి, మూడు కళ్ళు కనబడేంత వరకే పలచగా కోయాలి. లోతుగా కోస్తే చక్రం మందం తగ్గిపోయి ఇరుసుకు పట్టు దొరకదు.

2. ముంజెలు బొటనవేలితో తీసి తినేయండి. చెంచాతోనో కత్తితోనో గీకితే మూడు గుంటల మధ్య ఉండే అడ్డుగోడలు విరుగుతాయి. ఇరుసు కొస ఆనేది ఆ గోడలు కలిసే చోటే.

3. ముంజెలు తీసిన బుర్రను బోర్లించి అడుగు వైపు నడిమధ్య గుర్తు పెట్టండి. కంటికి నమ్మకం లేకపోతే గుర్తు మీద ముల్లు గుచ్చి, ఆ ముల్లు పట్టుకుని బుర్రను నేల మీద మెల్లగా తిప్పండి. ముల్లు ఒక్కచోటే నిలబడితే అదే నడుము. అటూ ఇటూ వృత్తం గీస్తుంటే ముల్లు జరపండి.

4. పొడవాటి మేకుతోనో స్క్రూడ్రైవర్‌తోనో ఆ గుర్తు నుంచి నిట్టనిలువుగా లోపలికి దారి చేయండి. బెజ్జం ఇరుసు కంటే సన్నగా ఉండాలి. వెడల్పు చేయడం ఎప్పుడైనా చేయొచ్చు, తగ్గించడం కుదరదు.

5. ఇరుసుకు చిటికెన వేలంత లావున్న తిన్నటి పుల్ల తీసుకోండి. కానుగ, సుబాబుల్, వెదురు ఏదైనా సరే, పొడవు జానన్నర. రెండు కొసలూ చెక్కి, కోసిన ముఖాలు బయటికీ గుండ్రటి అడుగులు లోపలికీ ఉండేలా బుర్రలు ఎక్కించండి. కొస మూడు గుంటల మధ్య నుంచి వేలి కణుపంత బయటికి రావాలి. రెండు బుర్రల మధ్య బెత్తెడుకు కాస్త ఎక్కువ ఖాళీ ఉంచండి.

6. తోసే కర్రకు పంగ ఉన్న కొమ్మ వెతకండి. నేల మీద నిలబెడితే పిల్లవాడి భుజం దాకా రావాలి. పంగ నోట్లో ఇరుసు కూర్చుంటుంది, ఒక కొమ్మ ఇరుసు పైన, ఒకటి కింద. కింది కొమ్మను మూడు వేళ్ళ పొడవుకు కోసేయండి, లేకపోతే గతుకుల్లో నేలకు తగిలి కర్ర పొట్టలో పొడుస్తుంది. పంగ లోపల బెరడు గీకి నున్నగా చేసి కాస్త కొబ్బరినూనె రాయండి.

7. ఇరుసు నడుమ చుట్టూరా కత్తితో చిన్న గాడి కొట్టండి. కర్ర ఆ గాడిలోనే ఉంటుంది, జారి బుర్రలకు రాసుకోదు. పంగ నోటికి అడ్డంగా ఒక దారం కడితే పల్లంలో బండి కర్రను వదిలి పరిగెత్తదు.

ఇంతటితో బండి నడుస్తుంది. కానీ మలుపులో మొరాయిస్తుంది. రెండు బుర్రలూ ఇరుసుకు బిగిసి ఉంటే రెండూ ఒకే లెక్కన తిరగాలి, మలుపు తిరిగేటప్పుడేమో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. అందుకే ఏదో ఒక చక్రం ఈడ్చుకుపోతుంది. దీనికి మందు ఒకటుంది: ఒక బుర్రను బిగువుగానే ఉంచి, రెండోదాని బెజ్జం కాస్త పెద్దది చేయండి. అది ఇరుసు మీద వదులుగా తిరుగుతుంది. ఊడిపోకుండా బయటికి వచ్చిన ఇరుసు కొసకు అడ్డంగా తుమ్మముల్లు సీలగా దించండి. అసలు బండికి సీల ఏ పని చేస్తుందో ఇక్కడా అదే.

చక్రం వంకరగా ఊగుతుంటే బెజ్జం ఏటవాలుగా పడిందని అర్థం. అదే బుర్రలో రెండో బెజ్జం వేయకండి, పక్కనే ఉన్న మొదటిదానిలోకి విరిగిపోతుంది. కొత్త బుర్ర తీసుకోండి, వేసవిలో వాటికేం కరువు. బిగువుగా ఉండాల్సిన బుర్ర వదులైతే సన్నటి వెదురు చీలిక ఇరుసు పక్కన దించండి. నాలుగైదు రోజులకు బుర్రలు ముడతలు పడి బూజు పడతాయి. అవి పారేసి కొత్తవి ఎక్కించుకోండి, ఇరుసూ పంగల కర్రా వేసవంతా వస్తాయి. కాయ కసరు బట్టలకు అంటితే మరక ఉతికినా పోదు, పాత చొక్కా వేసి కూర్చోబెట్టండి.

తాటాకు గాలిమర

దీనికి మొవ్వలోని లేతాకు పనికిరాదు, రెక్క నిలబడక వాలిపోతుంది. ఎండి గోధుమరంగు తిరిగినది మడిస్తే పుటుక్కున విరుగుతుంది. పూర్తిగా ఆకుపచ్చబడిన ఆకు కోసి ఒకరోజు నీడన పడేస్తే సరిగ్గా వాడుతుంది. మట్ట అంచులకు రంపంలా కరుకు ఉంటుంది, చేత్తో పట్టి లాగితే అరచెయ్యి కోసుకుపోతుంది. ఆకులు విడదీసుకున్నాక మట్టను పిల్లలకు అందకుండా దూరంగా పడేయండి.

ఆకు మధ్యలో ఉన్న ఈనె తీసేసి, రెండు వేళ్ళ వెడల్పు, జాన పొడవు ఉన్న పట్టీలు రెండు కత్తిరించండి. రెండూ అచ్చం ఒకే కొలతలో ఉండాలి. మొదటి పట్టీ నడుమ, పొడవు వెంటే, రెండు వేళ్ళ పొడవున చీలిక పెట్టండి. ఇక్కడే చాలామంది ఆకు పాడుచేస్తారు. తాటాకు పీచు పొడవునా పోతుంది కాబట్టి చీలిక మొదలైతే కొస దాకా పరిగెడుతుంది. కత్తితో కాకుండా ముల్లుతో గుచ్చి, రెండు కొసలా వేళ్ళతో గట్టిగా అదిమి పట్టుకుని కొంచెం కొంచెంగా చీల్చండి.

రెండో పట్టీని ఆ చీలికలోంచి సగం దాకా దూర్చి అడ్డంగా పరచండి. నాలుగు రెక్కల శిలువ వస్తుంది, పట్టీలు ఒకదాన్నొకటి పట్టుకుని జారవు. ఇప్పుడు ప్రతి రెక్కకూ కుడి అంచును వేలెడు వెడల్పున పైకి మడవండి. రెక్కను మీ వైపు తిప్పుకుని చూస్తూ మడిస్తే తికమక ఉండదు. నాలుగూ కుడివే కావాలి. ఒక్క రెక్క ఎడమకు మడిచారా, గాలి మూడు రెక్కలను ఒకవైపూ దాన్ని ఇంకోవైపూ తోస్తుంది, గాలిమర వణికి ఆగిపోతుంది. మడతలు పెట్టాక బరువు కింద గంటసేపు ఉంచితే కుదురుకుంటాయి.

నడిమధ్య ముల్లుతో బెజ్జం చేసి, ముల్లును రెండు మూడు సార్లు తిప్పి బెజ్జాన్ని ముల్లు లావు కంటే వెడల్పు చేయండి. తుమ్మముల్లును ముందు వైపు నుంచి దూర్చండి, దాని లావు మొదలు తలలా ఆపుతుంది. వెనక నుంచి ముల్లుకు ఒక పూసో, ఎండుగడ్డి కాడను అరంగుళం కోసిన గొట్టమో తొడగండి. ఇది లేకపోతే రెక్కలు కర్రకు రాసుకుంటాయి. చివరికి ముల్లు మొనను జొన్నదంటు కొసన అడ్డంగా, లోపలి మెత్తటి బెండులోకి దించండి. కంది కట్టె, వేప పుల్ల లాంటివి వద్దు, ముల్లు దిగకముందే విరుగుతుంది.

గాలికి ఎదురుగా పట్టుకుని పరిగెత్తాలి. తిరగకపోతే వరసగా మూడు చూడండి: బెజ్జం బిగువుగా ఉందా, గొట్టం పడిపోయిందా, రెక్కల్లో ఏదైనా బరువెక్కువగా ఉందా. మూడోది తెలుసుకోవడం తేలిక. గాలి లేని చోట వదిలేస్తే బరువు రెక్క ఎప్పుడూ కిందికే వచ్చి ఆగుతుంది, దాని కొస కాస్త కత్తిరించండి.

కొబ్బరాకు బూర

కోనసీమ వైపు పెళ్ళిపందిరి వేసిన రోజు పిల్లల చేతుల్లో ఇవే ఉంటాయి, కొబ్బరి మట్టలు ఎటూ వచ్చి పడతాయి కాబట్టి. దీనికి మాత్రం ఆకు పచ్చిదే కావాలి. వాడిపోయినదైతే చుట్లు పట్టు తప్పి జారుతాయి.

పొడవాటి ఆకు ఈనె తీసి రెండు పట్టీలు చేయండి. ముందు పీక చేయాలి: రెండు వేళ్ళ పొడవు ముక్కను చీపురుపుల్ల మీద బిగువుగా రెండు చుట్లు చుట్టి, పుల్ల లాగేసి, ఒక కొసను పళ్ళ మధ్య మెల్లగా నొక్కండి. రెండు పెదవుల్లా అయ్యి మధ్యలో సన్నటి సందు మిగలాలి. ఈ పీకను విడిగా ఊదండి. అది పలకకపోతే దాని మీద ఎంత బూర చుట్టినా దండగే. సందు పూర్తిగా మూసుకుపోతే గాలి పోదు, మరీ గుండ్రంగా ఉంటే ఉత్త గాలే వస్తుంది. వేళ్ళతో పక్కల నుంచి నొక్కుతూ సరిచేయండి. పలికాక దాని చుట్టూ పట్టీని ఏటవాలుగా చుట్టుకుంటూ పోండి, ప్రతి చుట్టూ కిందిదాని సగం వెడల్పును కప్పాలి. చుట్టే కొద్దీ నోరు వెడల్పవుతుంది. పట్టీ అయిపోతే రెండోదాని కొసను లోపలికి దోపి కొనసాగించండి. చివర ఈనె ముక్క గుచ్చి ఆపండి. పొడవు పెరిగితే గొంతు లావవుతుంది, కానీ జానన్నర దాటితే పిల్లల ఊపిరి చాలదు.

జొన్నబెండు బండి, ఎడ్లు

ఇందులో ఓపికే పెట్టుబడి. తెలంగాణలో, రాయలసీమలో యాసంగి జొన్న కోసిన తర్వాత చేలో మిగిలిన దంట్లు దీనికి సరుకు. నిలబడే ఎండిన దంటు కావాలి. పచ్చిదానితో చేస్తే ఆ రోజు బాగానే ఉంటుంది, రెండు రోజులకు బెండు ఎండి ముడుచుకుని గుచ్చిన పుల్లలన్నీ వదులవుతాయి. వానకు తడిసి లోపల ఎర్రబారిందీ వద్దు. గోటితో నొక్కితే గుంటపడి కాస్త తిరిగి లేచేదే మంచి బెండు. బొటనవేలంత లావున్నవి ఐదారు దంట్లు ఉంటే బండికీ జత ఎడ్లకూ సరిపోతాయి.

కణుపులు రెండు వైపులా కోసి పారేయండి, అక్కడ బెండు గట్టిగా ఉండి ఏదీ దిగదు. మిగిలిన ముక్క కొసన కత్తి మొనతో పై చెక్కును లేపి, పొడవునా లాగండి. వచ్చే పట్టీయే పేడు. పళ్ళతో లాగడం అలవాటు చేయకండి, పేడు అంచు బ్లేడుకు తీసిపోదు, పెదవి తెగుతుంది. పేళ్ళను అగ్గిపుల్ల వెడల్పుకు చీల్చి, కొసలు ఏటవాలుగా కోయండి. మొద్దు కొస బెండులోకి దిగకుండా దాన్ని నలిపేస్తుంది. బెత్తెడు పొడవువి ఓ ముప్పై, జాన పొడవువి నాలుగు కావాలి. ఈ నాలుగింటినీ, కొమ్ముల కోసం ఇంకో రెండింటినీ గోరువెచ్చని నీళ్ళలో పావుగంట నానబెట్టండి. వంచాల్సినవి ఇవే, ఎండు పేడు వంచితే విరుగుతుంది. బెండుకు మాత్రం తడి తగలనీయకండి.

చక్రం: వేలి గోరంత బెండు ముక్కలు నాలుగు, వాటికంటే కాస్త పెద్దది ఒకటి కోయండి. పెద్దది నడిమి గుబ్బ. నానిన జాన పేళ్ళు రెండింటిని చెరో అర్ధచంద్రంగా వంచండి. ఒక్కో పేడుకు నడుమ ఒక్కో చిన్న ముక్క గుచ్చి జరపండి. మిగిలిన రెండు ముక్కల్లో రెండు పేళ్ళ కొసలు ఎదురెదురుగా గుచ్చితే పూర్తి చక్రం వస్తుంది, దాని మీద నాలుగు బెండు ముక్కలు సమాన దూరంలో ఉంటాయి. గుబ్బ నుంచి ఈ నాలుగింటికీ నాలుగు పేళ్ళు ఆకులుగా, అంటే చక్రపు పుల్లలుగా, గుచ్చండి. నాలుగు ఆకుల పొడవూ ఒకటే కాకపోతే చక్రం కోడిగుడ్డు ఆకారంలోకి పోతుంది, కాబట్టి ఒకటి కోసి దాన్నే కొలతగా పెట్టుకుని మిగతావి కోయండి. రెండో చక్రమూ ఇలాగే చేసి, రెండింటినీ ఒక రాత్రి ఆరనివ్వండి. పేడు ఆ వంపులోనే గట్టిపడుతుంది.

బండి: జాన పొడవు బెండు కడ్డీలు రెండు పక్కపక్కన బెత్తెడు దూరంలో పెట్టి, నాలుగు పేళ్ళు అడ్డంగా రెండింటిలోకీ గుచ్చండి. వాటి నడిమి కిందుగా ఇంకో బెండు ముక్క అడ్డంగా, రెండు కడ్డీలకూ పై నుంచి పేళ్ళు దించి బిగించండి. దాని గుండా చీపురుపుల్ల దూర్చితే అదే ఇరుసు. చక్రాల గుబ్బల్లో బెజ్జం వదులు చేసి ఎక్కించి, బయట చిన్న బెండు ముక్కలు సీలలుగా తొడగండి. ఇరుసును బండి నడుమకు రవ్వంత వెనక్కి పెట్టండి, బరువు కాడి మీద ఆని బండి వెనక్కి తిరగబడదు. నొగకు, అంటే బండి నుంచి కాడి దాకా పోయే కర్రకు, చెక్కు తీయని సన్న దంటు, జానన్నర పొడవుది వాడండి. బెండు ఒక్కటే అయితే ఎడ్ల దగ్గర వంగిపోతుంది. నొగ కొసన జాన పొడవు కాడిని అడ్డంగా దారంతో ఇంటూ గుర్తులా చుట్టి కట్టండి.

ఎద్దు: మూడు వేళ్ళ వెడల్పంత పొడవున్న బెండు ఒళ్ళు. కాళ్ళకు నాలుగు పేళ్ళు, రెండు వేళ్ళంత బయటికి ఉండేలా, కాస్త విచ్చుకున్నట్టు గుచ్చండి. నిట్టనిలువుగా గుచ్చితే ఎద్దు పక్కకు పడుతుంది. మెడకు రెండు పేళ్ళు వాడండి. ఒక్కటే అయితే తల బొంగరంలా తిరుగుతుంది. తలకు ఏటవాలుగా కోసిన ముక్క, మూపురానికి గుండ్రంగా చెక్కిన చిన్న ముక్క. నానిన పేడును తల గుండా అడ్డంగా దూర్చి రెండు కొసలూ పైకి వంచితే కొమ్ములు. ఎద్దు ముందుకు తూలుతుంటే ముందుకాళ్ళను ఇంకాస్త ముందుకు మార్చండి.

గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: బెండులో ఒకసారి పడిన బెజ్జం మళ్ళీ పూడదు. పేడు తీసి మళ్ళీ అక్కడే గుచ్చితే ఊగుతుంది. పక్కన కొత్తచోట గుచ్చాలి, లేదా ముక్కే మార్చాలి. అందుకే గుచ్చేముందు ముల్లుతో దారి చూసుకోండి.

మట్టి ఎడ్లు

జ్యేష్ఠమాసంలో ఏరువాక పున్నమికీ, ఆదిలాబాద్ వైపు శ్రావణంలో వచ్చే పొలాల అమావాస్యకూ మట్టి ఎడ్లు చేసి పూజిస్తారు. పూజ అయ్యాక అవి పిల్లల చేతుల్లోకే పోతాయి, కాబట్టి గట్టిగా చేయడం మంచిది.

నల్లరేగడి ఒక్కదానితో చేయకండి. తడికి ఉబ్బి ఎండకు ముడుచుకునే మట్టి అది, పొలంలో నెర్రెలు విచ్చినట్టే ఎద్దు మీదా విచ్చుతాయి. చెరువులో పూడిక మట్టి తెచ్చి, రాళ్ళూ వేళ్ళూ ఏరి, రాత్రంతా నానబెట్టి పిసకండి. నాలుగు పాళ్ళ మట్టికి ఒక పాలు జల్లించిన బూడిదో సన్నటి ఇసుకో కలపండి. చూపుడువేలంత చుట్ట చేసి బొటనవేలి చుట్టూ తిప్పి చూడండి. పగుళ్ళు వస్తే నీళ్ళు చాల్లేదు, వేలికి అంటుకుంటే బూడిద ఇంకొంచెం పడాలి.

ఒళ్ళూ కాళ్ళూ విడివిడిగా చేసి అతకడం కంటే ఒకే ముద్దలోంచి కాళ్ళు లాగడం నయం. కొమ్ములు, మూపురం అతకాల్సి వస్తే రెండు వైపులా పుల్లతో గీతలు గీసి, పలచటి మట్టి నీళ్ళు రాసి నొక్కండి. నున్నటి మట్టి మీద నున్నటి మట్టి అతికితే ఎండగానే ఊడుతుంది. కాళ్ళు నిలబడడం లేదని లోపల చీపురుపుల్లలు పెట్టడం చాలామంది చేసే పని. మట్టి ఎండుతూ కుంచించుకుపోతుంది, పుల్ల పోదు, కాలు పుల్ల వెంట నిలువునా చీలుతుంది. కాళ్ళు పొట్టిగా లావుగా చేయండి, చాలు. ఒళ్ళు రెండు వేళ్ళ కంటే మందంగా ఉంటే పొట్ట కింద నుంచి పుల్లతో ఒక బెజ్జం చేయండి, లోపలి తడికి దారి దొరుకుతుంది.

నాలుగు రోజులు నీడన, మొదటి రోజు తడిగుడ్డ కప్పి ఉంచండి. తర్వాత ఒకరోజు ఎండ. పూర్తిగా ఎండాకే సున్నం పూయండి, దాని మీద పసుపూ జాజూ (ఎర్రమట్టి రంగు). తడి మీద సున్నం పూస్తే పొరలుగా లేచిపోతుంది.

మిగతావి క్లుప్తంగా

అష్టాచెమ్మాకు గవ్వలు లేకపోతే చింతపిక్కలు చాలు. లావుపాటి పిక్కలు నాలుగు ఏరి, ఒక్కో పిక్కను ఒకవైపే గరుకు బండ మీద నీళ్ళు చల్లి, గోధుమ పొర పోయి తెలుపు తేలే దాకా అరగదీయండి. అరిగిన వైపు చదునుగా ఉండాలి, ఉబ్బెత్తుగా మిగిలితే ఒకే పక్క పడుతూ ఉంటుంది. ఒక్కోదాన్ని విడిగా ఇరవైసార్లు వేసి చూడండి. దాదాపు ప్రతిసారీ ఒకే ముఖం పడితే ఇంకా అరగదీయాలి. నాలుగూ తెలుపు పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ నలుపైతే అష్ట, ఎనిమిది.

సబ్బు బుడగలకు పది కుంకుడుకాయల గింజలు తీసి, గ్లాసు వేడినీళ్ళలో అరగంట నానబెట్టి పిసికి, పలచటి గుడ్డలో వడకట్టండి. పావు చెంచా పంచదార కలిపితే బుడగ తొందరగా పగలదు. ఊదడానికి బొప్పాయి ఆకు కాడ బాగుంటుంది, కానీ కోసిన చోట కారే పాలు పెదాలకు మంట. కాడను కోసి, కడిగి, ఒకపూట ఆరబెట్టాక ఇవ్వండి. కుంకుడు నురగ కళ్ళలో పడితే చాలా మండుతుంది, పక్కన మంచినీళ్ళు పెట్టుకోండి. నేపాళం కొమ్మ విరిచి ఆ పాలతో బుడగలు ఊదే అలవాటు కొన్ని ఊళ్ళలో ఉంది. అది మాన్పించండి. ఆ చెట్టు గింజలు తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి, కొమ్మ పట్టుకున్న పిల్లలు కాయ కొరకరని ఏమీ లేదు.

బొంగరాన్ని మాత్రం ఇంట్లో చెక్కకండి. తరిమెన (కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం) పట్టకుండా చేసిన బొంగరం నడుము కుదరదు, గిరగిరలాడకుండా గెంతుతుంది. ఏటికొప్పాక వాళ్ళ అంకుడు కర్ర బొంగరాలు సన్నపిల్లలకు వేళ్ళతో తిప్పడానికి బాగుంటాయి, తాడుతో విసిరే ఆటకు సంతలో దొరికే మేకు బొంగరమే కొనండి. తాడు నూలుది కావాలి, నైలాన్ జారుతుంది. పిల్లవాడి బార కంటే కాస్త ఎక్కువ పొడవు తీసుకుని, కొసన వేలికి తగిలించే ముడి వేయండి. మేకు దగ్గర మొదలుపెట్టి చుట్టు పక్కన చుట్టు పడేలా పైకి చుట్టాలి. చుట్టు మీద చుట్టు ఎక్కితే విసిరినప్పుడు అక్కడే చిక్కుకుని బొంగరం వెనక్కి, మొహం మీదికి వస్తుంది. తాడు తడిపితే పట్టు బాగుంటుంది.

బిళ్ళంగోడుకు, తెలంగాణలో చిర్రగోనె అంటారు, తుమ్మ కొమ్మగానీ చింత కొమ్మగానీ తీసుకోండి. కర్ర రెండు జానలు, బిళ్ళ బెత్తెడు, రెండూ బొటనవేలంత లావు. బిళ్ళ రెండు కొసలూ ఏటవాలుగా చెక్కాలి, నేల మీద పెట్టినప్పుడు కొసలు కొద్దిగా లేచి ఉండాలి. అప్పుడే కర్రతో కొడితే పైకి ఎగురుతుంది. పెన్సిల్ మొనలా చెక్కకండి, దూరం ఏమీ పెరగదు, తగిలితే కన్ను పోతుంది. మొనను చివర బండ మీద రుద్ది మొద్దు చేయండి. పచ్చి కర్రతో చేసిన బిళ్ళ రెండు ఆటలకే చీలుతుంది, వారం నీడన ఆరిన కొమ్మతోనే చేయండి. ఆడేటప్పుడు ఎదురుగా నిలబడి పట్టుకునేవాళ్ళు కొట్టేవాడికి కనీసం పది అడుగుల దూరంలో ఉండాలి, వెనక ఎవరూ నిలబడకూడదు. కర్ర జారితే వెనక్కీ పోవచ్చు.